తరంగంబాడి: డెన్మార్క్ జెండా ఎగిరిన తమిళ తీరం

తమిళనాడులోని మైలాడుదురై జిల్లాలో, బంగాళాఖాతం ఒడ్డున ఉన్న చిన్న పట్టణం తరంగంబాడి. 1620 నుంచి 1845 వరకు, మధ్యలో కొన్నేళ్ల బ్రిటిష్ ఆక్రమణను మినహాయిస్తే, ఇది డెన్మార్క్ రాజ్యపు వర్తక స్థావరంగా ఉండేది. ఐరోపావారి పటాల్లో దీని పేరు ట్రాంకెబార్. భారతదేశంలో పోర్చుగీసు, డచ్చి, ఫ్రెంచి, ఇంగ్లీషు వర్తకుల చరిత్ర అందరికీ తెలిసినదే. డెన్మార్క్ వారు కూడా ఇక్కడ రెండు శతాబ్దాలకు పైగా కోట కట్టుకుని నిలిచారన్న సంగతి తెలిసినవారు తక్కువ. ఆ కోట, ఆ వీధులు, ఆ నగర ద్వారం ఇప్పటికీ ఉన్నాయి. వాటి ఎదుట సముద్రం కూడా ఉంది. పట్టణానికి బతుకునిచ్చిన ఆ సముద్రమే దాన్ని అంచుల నుంచి కొద్దికొద్దిగా తీసుకుంటోంది.

తరంగంబాడికి ఉత్తరాన కావేరి సాగర సంగమమైన పూంపుహార్, దక్షిణాన కారైకాల్, నాగూరు, నాగపట్టణం, వేలాంకణ్ణి, కోడియక్కరై ఉన్నాయి. రెండు మూడు రోజుల వ్యవధి ఉంటే రెండు వేల ఏళ్ల చరిత్ర గల ఈ తీరాన్ని చూసి రావచ్చు. తెలుగువారికి ఈ ఊరితో మరో అనుబంధం కూడా ఉంది. డెన్మార్క్ వారికి ఈ నేలను ఇచ్చిన పాలకుడు తెలుగు కవి.

పేరు, పూర్వ చరిత్ర

తమిళంలో తరంగంబాడి అంటే అలలు పాడే చోటు అని అర్థం చెబుతారు. అయితే డెన్మార్క్ వారు రావడానికి మూడు వందల ఏళ్ల ముందే ఇది ఓడలు వచ్చిపోయే రేవు. ఊరి సముద్రతీరంలో ఉన్న మాసిలామణినాథస్వామి ఆలయాన్ని 14వ శతాబ్ది తొలి సంవత్సరాల్లో పాండ్య రాజు మారవర్మన్ కులశేఖరుడు కట్టించాడు. అక్కడి శాసనంలో ఊరి పేరు సడంగన్‌పాడి అనీ, కులశేఖరన్ పట్టినం అనీ కనిపిస్తుంది. తమిళంలో పట్టినమంటే రేవు పట్టణం. రాజు తన పేరు పెట్టుకునేంతగా ఆనాడు ఈ రేవు వృద్ధిలో ఉండేదన్నమాట.

తంజావూరు ఆస్థానంలో కుదిరిన ఒప్పందం

డెన్మార్క్ రాజు నాలుగవ క్రిస్టియన్ అనుమతితో 1616లో ఆ దేశపు తూర్పు ఇండియా కంపెనీ ఏర్పడింది. మిరియాలు, నూలు బట్టల వ్యాపారంలో డచ్చివారు, ఇంగ్లీషువారు గడిస్తున్న లాభాలు చూసి పుట్టిన కంపెనీ అది. 1618 చివర కోపెన్‌హేగన్ నుంచి బయలుదేరిన నౌకాదళానికి అధిపతి ఓవె గెడ్డె. అప్పటికి అతని వయసు దాదాపు 24 ఏళ్లు. ఆ దళం మొదటి గమ్యం సింహళం. అక్కడి కాండీ రాజుతో ఒప్పందం చేసుకోవాలన్న ఆశ నెరవేరలేదు.

అంతలో ముందుగా వచ్చిన ఓరెసుండ్ అనే ఓడపై కారైకాల్ సమీపంలో పోర్చుగీసువారు దాడి చేసి ముంచివేశారు. కంపెనీ కొలువులో ఉన్న డచ్చి వర్తకుడు రోలాండ్ క్రాపె, కొద్దిమంది నావికులు ప్రాణాలతో ఒడ్డుకు చేరారు. వారిని తంజావూరుకు తీసుకువెళ్ళి నాయక రాజు ముందు నిలబెట్టారు. ఓడ పోయి నిరాశ్రయులైన ఆ మనుషులే తరువాత జరిగిన ఒప్పందానికి దారి వేశారు. నాగపట్టణంలో పాతుకుపోయిన పోర్చుగీసువారికి పోటీగా మరో ఐరోపా జాతి తన రేవులో ఉండడం తంజావూరు రాజుకూ అనుకూలమే.

ఆ రాజు రఘునాథ నాయకుడు. తెలుగు సాహిత్య చరిత్రలో దక్షిణాంధ్ర యుగమనగానే గుర్తుకు వచ్చే పేరు అది. రామాయణం, వాల్మీకి చరిత్ర, శృంగార సావిత్రి వంటి తెలుగు కావ్యాలు రచించిన కవి, సంగీత శాస్త్రవేత్త. విజయవిలాసం రాసిన చేమకూర వేంకటకవికి ఆశ్రయమిచ్చిన ప్రభువు. 1620 నవంబరులో ఆయనకూ డెన్మార్క్ రాజుకూ మధ్య ఒప్పందం కుదిరింది. ఊరూ దాని చుట్టుపక్కల నేలా వార్షిక కౌలుపై డెన్మార్క్ వారికి దక్కాయి. ఈ సందర్భంగా నాలుగవ క్రిస్టియన్‌కు రఘునాథుడు పంపిన బంగారు రేకు లేఖ డెన్మార్క్ జాతీయ పత్రాగారంలో భద్రంగా ఉంది. లేఖ భాష తమిళం, కింద ఉన్న సంతకం తెలుగు. తమిళ దేశాన్ని పాలించే తెలుగు ప్రభువు ఉత్తర ఐరోపా రాజుకు పంపిన ఆ రేకు, నాయక రాజుల కాలపు బహుభాషా సంస్కృతికి సాక్ష్యం.

ఓడ రాని సంవత్సరాలు

ఒప్పందం జరిగిన ఏడాదే కోట పని మొదలైంది. దాని పేరు డాన్స్‌బోర్గ్, అంటే డేనుల కోట. కానీ వ్యాపారం అనుకున్నట్లు సాగలేదు. ఐరోపాలో యుద్ధాలతో డెన్మార్క్ ఖజానా చిక్కిపోయింది. స్వదేశం నుంచి వచ్చే ఓడలు తగ్గుతూ వచ్చాయి. 1643లో వచ్చిన ఓడ తరువాత 1669 వరకు డెన్మార్క్ నుంచి ఒక్క ఓడ కూడా తరంగంబాడికి చేరలేదు.

ఆ 26 ఏళ్లలో కోటలోని డేనులు ఒక్కొక్కరే జ్వరాలతో, వార్ధక్యంతో కన్నుమూశారు. చివరికి మిగిలింది ఎస్కిల్డ్ అండర్సన్ కాంగ్స్‌బాక్ అనే సామాన్య సైనికుడు. 1655 నుంచి స్థావర బాధ్యత అతనిదే. స్థానికులనే సిపాయిలుగా పెట్టుకుని, బంగాళాఖాతంలో దొరికిన ఓడలను పట్టి, వచ్చిన సొమ్ముతో కోటను నడిపించాడు. కౌలు బాకీ కోసం తంజావూరు సేనలు వచ్చినప్పుడు ఊరి చుట్టూ గోడ కట్టించి నిలిచాడు. 1669లో స్వదేశపు ఓడ వచ్చేసరికి డాన్స్‌బోర్గ్‌పై డెన్మార్క్ జెండా ఇంకా ఎగురుతూనే ఉంది. తరంగంబాడి వలస చరిత్రలో యుద్ధాల కంటే ఈ నిరీక్షణ కథే ఎక్కువ మందిని ఆకట్టుకుంటుంది.

అచ్చు అక్షరాలు, మొక్కల పేర్లు

18వ శతాబ్దిలో ఈ పట్టణం వ్యాపారం కంటే విద్యకు పేరు తెచ్చుకుంది. డెన్మార్క్ రాజు నాలుగవ ఫ్రెడరిక్ పంపగా జర్మన్ ప్రొటెస్టెంట్ మత ప్రచారకులు బర్తలోమియస్ జీగెన్‌బాల్గ్, హైన్రిక్ ప్లూట్షౌ 1706 జులై 9న ఇక్కడ దిగారు. జీగెన్‌బాల్గ్ వీధిబడిలో పిల్లల సరసన కూర్చుని ఇసుకలో అక్షరాలు దిద్ది తమిళం నేర్చుకున్నాడు. స్థానిక ప్రజల పక్షం వహించాడన్న ఆగ్రహంతో డెన్మార్క్ అధికారే అతన్ని నాలుగు నెలలు డాన్స్‌బోర్గ్ కోటలో ఖైదు చేశాడు. ఆ కోటను చూడబోయేవారు ఈ సంగతిని గుర్తుంచుకోవచ్చు.

తమిళ ముద్రణ 16వ శతాబ్దిలో పోర్చుగీసు పాదరీల చేతుల్లో మొదలై, తరువాత దాదాపు ఆగిపోయింది. దానికి మళ్ళీ ప్రాణం పోసింది తరంగంబాడి ముద్రణాలయమే. ఇంగ్లండు నుంచి అచ్చుయంత్రం, జర్మనీలోని హాలె నగరం నుంచి తమిళ అక్షరాల పోతలు వచ్చాయి. తమిళంలో కొత్త నిబంధన ముద్రణ 1714లో ప్రారంభమైంది. పెద్ద అక్షరాలకు కాగితం చాలకపోవడంతో ఇక్కడే చిన్న అక్షరాలు పోత పోశారు. పక్కనున్న పొరైయారులో కాగితపు మిల్లు పెట్టారు. యంత్రం, అక్షరం, కాగితం మూడూ ఒకచోట సమకూరడంతో చిన్న రేవు పట్టణం దక్షిణ భారత ముద్రణ చరిత్రకెక్కింది.

తెలుగు ముద్రణకు కూడా ఇక్కడి నుంచే ఒక తీగ సాగింది. 1719లో తరంగంబాడికి వచ్చిన బెంజమిన్ షుల్జ్ ఆ తరువాత మద్రాసుకు మారి తెలుగు నేర్చుకున్నాడు. స్వదేశానికి తిరిగి వెళ్ళాక 1746, 1747 సంవత్సరాల్లో హాలె నగరంలో తెలుగు పుస్తకాలు అచ్చు వేయించాడు. తెలుగు లిపిలో వెలువడిన తొలి అచ్చు పుస్తకాలుగా పరిశోధకులు వాటినే పేర్కొంటారు.

మరో అనుబంధం వంటింటిది. స్వీడన్ శాస్త్రవేత్త లినేయస్ శిష్యుడైన యోహాన్ గెర్హార్డ్ కోనిగ్ 1768లో వైద్యుడిగా తరంగంబాడికి వచ్చాడు. ఈ తీరంలోని మొక్కలను సేకరించి, వర్ణించి ఐరోపాకు పంపాడు. కరివేపాకు శాస్త్రీయ నామంలో ఉన్న ‘కోనిగియై’ అనే మాట ఆయన పేరు మీదుగా వచ్చినదే. 1785లో కాకినాడ వద్ద జగన్నాథపురంలో ఆయన మరణించాడు. చివరి రోజుల్లో చికిత్స చేసినవాడు సామర్లకోటలో ఉన్న వృక్షశాస్త్రవేత్త విలియం రాక్స్‌బరో. భారతీయ వృక్షశాస్త్రపు తొలి అధ్యాయాల్లో తరంగంబాడి, గోదావరి తీరం ఈ విధంగా కలుసుకున్నాయి.

అమ్మకం, ఆ తరువాత

19వ శతాబ్ది ఆరంభంలో ఐరోపా యుద్ధాల కారణంగా బ్రిటిష్ వారు తరంగంబాడిని ఆక్రమించి, 1815లో తిరిగి ఇచ్చారు. కానీ అప్పటికే వ్యాపారం సన్నగిల్లింది. 1845లో డెన్మార్క్ ప్రభుత్వం తరంగంబాడిని, బెంగాల్‌లోని శ్రీరాంపూర్‌ను కలిపి 12.5 లక్షల రూపాయలకు ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీకి అమ్మివేసింది. 1860ల ఆరంభంలో రైలు మార్గం నాగపట్టణానికి చేరడంతో సరకుల రవాణా అటు మళ్ళింది. మైలాడుదురై నుంచి తరంగంబాడికి 1926లో వేసిన చిన్న రైలు మార్గం కూడా 1980లలో మూతపడింది.

వ్యాపారం తరలిపోవడం ఊరికి నష్టమే. అయితే కొత్త కట్టడాల ఒత్తిడి లేకపోవడం వల్లనే పాత పట్టణపు రూపురేఖలు మిగిలాయి. రెండు వందల ఏళ్ల నాటి వీధుల అమరికను నేటికీ నడిచి చూడగలగడానికి కారణం ఈ మందకొడితనమే.

ఊరిలో చూడవలసినవి

పాత పట్టణంలోకి పడమటి దిక్కున నగర ద్వారం గుండా ప్రవేశించాలి. తెల్లని గోడపై డెన్మార్క్ రాజచిహ్నం, 1792 సంవత్సరం కనిపిస్తాయి. అక్కడి నుంచి సముద్రం వైపు తిన్నగా సాగేది రాజు వీధి. దానికి సమాంతరంగా రాణి వీధి ఉంది. అటూ ఇటూ స్తంభాల వసారాలు, ఎత్తైన కిటికీలు, మందపు సున్నపు గోడలు గల భవనాలు నిలిచి ఉన్నాయి. ఈ వీధులను చూడడానికి నడకే మేలు. ఒక పూటలో పాత ఊరంతా చుట్టి రావచ్చు.

రాజు వీధిలో రెండు చర్చిలు ఎదురవుతాయి. సియోను చర్చిని డేనుల ఆరాధన కోసం 1701లో ప్రతిష్ఠించారు. స్థానిక క్రైస్తవుల కోసం జీగెన్‌బాల్గ్ కట్టించిన న్యూ జెరూసలేం చర్చి 1718లో పూర్తయింది. మరుసటి ఏడాది ఫిబ్రవరిలో మరణించిన జీగెన్‌బాల్గ్‌ను అక్కడే సమాధి చేశారు. ఆయన మొదట అడుగుపెట్టిన చోటును సూచించే స్మారక చిహ్నం సముద్రతీరంలో ఉంది.

వీధి చివర మైదానం, దాని అంచున డాన్స్‌బోర్గ్ కోట. లేత పసుపు రంగు గోడలతో రెండు అంతస్తులుగా కట్టిన ఈ కోటకు ప్రధాన కట్టడం సముద్రం వైపున ఉంది. కింది అంతస్తును సరకులు, మందుగుండు దాచడానికీ, ఖైదీలను ఉంచడానికీ వాడారు. పై అంతస్తు అధికారుల నివాసం. మొదట్లో చుట్టూ కందకం, దాటడానికి ఎత్తి దించే వంతెన ఉండేవి. ఇప్పుడు రాష్ట్ర పురావస్తు శాఖ నిర్వహణలో ఉన్న ఇక్కడి ప్రదర్శనశాలలో డెన్మార్క్ కాలపు పత్రాలు, గాజు సామగ్రి, చైనా జాడీలు, కత్తులు, బల్లేలు, శిల్పాలు చూడవచ్చు. కోట ఎదుట 1784 నాటి గవర్నరు బంగళా ఉంది. చాలా కాలం శిథిలావస్థలో ఉన్న ఆ భవనాన్ని డెన్మార్క్ జాతీయ ప్రదర్శనశాల సహకారంతో పునరుద్ధరించారు. ఇంటాక్ సంస్థ ఊరిలోని మరికొన్ని పాత ఇళ్ళకు మరమ్మతులు చేయించింది. సంప్రదాయ సున్నపు గచ్చు పనిలో స్థానిక కార్మికులకు దీనివల్ల మళ్ళీ పని దొరికింది.

సముద్రం తీసుకున్నవి

కోటకు ఉత్తరాన ఒడ్డున మాసిలామణినాథ ఆలయం ఉంది. పాండ్యుల కాలంలో కట్టిన ఈ గుడి ముందు భాగాలను తరాల తరబడి అలలు కోసివేశాయి. మిగిలిన భాగాన్ని కాపాడేందుకు సముద్రం వైపున బండరాళ్ళు పేర్చారు. కొత్తగా కట్టిన నిర్మాణం పక్కనే పాత రాతి గోడలు ఎంత అరిగిపోయాయో చూడవచ్చు. గుడి కట్టిన నాడు సముద్రం దాని ముంగిట లేదు. రాతి కట్ట మీద నిలబడి చూస్తే అలలు ఎంత లోపలికి వచ్చాయో ఊహకు అందుతుంది.

2004 డిసెంబరు 26 ఆదివారం ఉదయం ఆ సముద్రమే మరో రూపంలో వచ్చింది. సుమత్రా వద్ద సంభవించిన భూకంపం సృష్టించిన సునామీ, భారత ప్రధాన భూభాగంలో అన్నిటికంటే ఎక్కువగా అప్పటి నాగపట్టణం జిల్లాను దెబ్బతీసింది. జిల్లాలో ఆరు వేల మందికి పైగా మరణించారు. ఆ జిల్లాలోనే ఉన్న తరంగంబాడిలో మూడు వందల మందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. వారిలో ఎక్కువ మంది ఒడ్డున ఇళ్ళున్న మత్స్యకారుల కుటుంబాలవారు. డాన్స్‌బోర్గ్ మందపు గోడలు నిలిచాయి, ఒడ్డు ఇళ్ళు నిలవలేదు.

ఆ తరువాత తలెత్తిన ప్రశ్న నేటికీ సజీవంగా ఉంది. సముద్రపు పోటు గీత నుంచి 200 మీటర్ల లోపు నివసించేవారికి దూరంగా కొత్త ఇళ్ళు ఇవ్వడానికి ప్రభుత్వం ముందుకు వచ్చింది. పాత చోటనే ఉండదలచినవారు ఉండవచ్చు గాని, ఇంటి మరమ్మతుకు సహాయం అందదని నియమం పెట్టింది. ప్రాణరక్షణ దృష్టితో చూస్తే అది న్యాయమైన ఏర్పాటే. కాని మత్స్యకారుడు తెల్లవారుజామున ఇంటి గడపలో నుంచే అల తీరును, గాలి దిక్కును, నీటి రంగును చూసి వేటకు వెళ్ళాలో వద్దో నిర్ణయించుకుంటాడు. పడవ, వల, ఇంజను కంటి ముందు ఉండాలి. తెచ్చిన చేప ఒడ్డునే అమ్ముడుపోవాలి. అందువల్ల కొత్త ఇంటికి మారినవారు కూడా పగటి వేళ ఒడ్డునే గడుపుతారు. ఈ తీరంలోని పట్టినవర్ సముదాయంలో వేట నియమాలను, తగవులను ఊరి పంచాయతీ తేల్చే సంప్రదాయం చాలా కాలంగా ఉంది. సునామీ తరువాత సహాయం పంపిణీలో కూడా ఆ పంచాయతీలు ముఖ్య పాత్ర వహించాయి.

కోతకు కారణాలు అలలు ఒక్కటే కావు. తూర్పు తీరం వెంబడి ఇసుక ఏడాదిలో ఎక్కువ కాలం దక్షిణం నుంచి ఉత్తరానికి కదులుతూ ఉంటుంది. దాని దారికి అడ్డంగా రాతి కట్టడం వస్తే ఒక పక్క ఇసుక మేట వేస్తుంది, రెండో పక్క ఒడ్డు కోసుకుపోతుంది. పైగా కావేరిపై ఆనకట్టలు కట్టాక, ముఖ్యంగా 1934లో మేట్టూరు ఆనకట్ట పూర్తయ్యాక, నది సముద్రానికి తెచ్చే ఒండ్రు తగ్గింది. డెల్టా తన ఒడ్డును తాను నింపుకునే శక్తి తగ్గిపోయింది. ఒక గుడినో కోటనో కాపాడడానికి కట్టే గోడ పక్క ఊరి ఒడ్డుకు చేటు చేయకుండా చూడడం ఇంజనీర్లకు, ప్రభుత్వానికి పరీక్షే.

ఉత్తరాన: తిరుక్కడయూరు, పూంపుహార్, పిచ్చావరం

తరంగంబాడికి సుమారు 8 కిలోమీటర్ల దూరంలో తిరుక్కడయూరు ఉంది. అమృతఘటేశ్వరుడు, అభిరామి అమ్మవారు కొలువైన క్షేత్రమిది. మార్కండేయుడి కోసం శివుడు యముణ్ణి అడ్డుకున్నది ఇక్కడేనని స్థలపురాణం. అందుకే షష్టిపూర్తి, శతాభిషేకం జరుపుకునే దంపతులు దూర ప్రాంతాల నుంచి వస్తారు. వారిలో తెలుగు కుటుంబాలు కూడా ఉంటాయి.

అక్కడి నుంచి మరికొంత ఉత్తరాన, తరంగంబాడికి సుమారు 20 కిలోమీటర్ల దూరంలో, కావేరి సముద్రంలో కలిసే చోటు పూంపుహార్. తొలి చోళుల రేవు నగరమైన కావేరిపూంపట్టినం ఇదే. సంగం సాహిత్యం ఈ రేవులో దిగిన గుర్రాలను, మిరియాల బస్తాలను వర్ణించింది. శిలప్పదికారం కావ్యంలోని కణ్ణగి, కోవలన్ కథ ఇక్కడే మొదలవుతుంది. నగరాన్ని సముద్రం మింగివేసిందని మణిమేఖలై కావ్యం చెబుతుంది. పురావస్తు తవ్వకాల్లో కీళైయూరు వద్ద ఇటుకలతో కట్టిన పడవల రేవు, పల్లవనేశ్వరం వద్ద బౌద్ధ విహారం బయటపడ్డాయి. జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ పరిశోధకులు సముద్ర గర్భంలో కూడా అన్వేషణ జరిపారు. ఒడ్డున ఉన్న శిలప్పదికార కళామందిరంలో ఆ కావ్య ఘట్టాలను శిల్పాలుగా మలిచారు. తరంగంబాడి గుడిని చూసి ఇక్కడికి వచ్చినవారికి మణిమేఖలై కథ కల్పనగా అనిపించదు.

మరింత ఉత్తరాన, చిదంబరం దగ్గర, వెళ్ళారు, కొళ్ళిడం నదీ ముఖాల నడుమ పిచ్చావరం మడ అడవులు ఉన్నాయి. సన్నని కాలువల్లో పడవ మీద వెళ్ళి వీటిని చూడవచ్చు. సునామీ తరువాత ఈ ప్రాంతంలో జరిగిన అధ్యయనం, చెట్ల వెనుక ఉన్న గ్రామాలకు నష్టం తక్కువ జరిగిందని తేల్చింది. ఆ వివరాలు 2005లో సైన్స్ పత్రికలో వెలువడ్డాయి. తీర రక్షణకు రాతి గోడతో పాటు మరో మార్గం ఉందని ఈ అడవి చూపిస్తుంది.

దక్షిణాన: కారైకాల్ నుంచి కోడియక్కరై వరకు

తరంగంబాడి నుంచి దక్షిణంగా సుమారు 15 కిలోమీటర్లు వెళితే కారైకాల్. 1739లో ఫ్రెంచివారి చేతికి వచ్చి, 1954 నవంబరు 1న భారత పాలనలోకి మారిన ఈ పట్టణం పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతంలో భాగం. 63 మంది నాయనార్లలో ఒకరైన కారైకాల్ అమ్మైయార్ ఊరు ఇది. సమీపంలోని తిరునళ్ళారు శనీశ్వర క్షేత్రానికి తెలుగు రాష్ట్రాల నుంచి భక్తులు వెళ్తుంటారు.

తరువాత నాగూరు. 16వ శతాబ్ది సూఫీ సాధువు షాహుల్ హమీద్ దర్గా ఇక్కడ ఉంది. ఐదు మినార్లలో అన్నిటికంటే ఎత్తైనదాన్ని తంజావూరు మరాఠా రాజు ప్రతాపసింహుడు కట్టించాడు. హిందువులు, ముస్లింలు కలిసి మొక్కులు చెల్లించే చోటు ఇది.

దానిని ఆనుకుని నాగపట్టణం. 11వ శతాబ్ది ఆరంభంలో శ్రీవిజయ రాజ్యపు పాలకుడు ఇక్కడ చూడామణి విహారం కట్టించగా, రాజరాజ చోళుడు దానికి ఆనైమంగళం గ్రామాన్ని దానమిచ్చాడు. ఆ దాన శాసనపు తామ్రపత్రాలను డచ్చివారు నెదర్లాండ్స్‌లోని లైడెన్‌కు తరలించడంతో అవి లైడెన్ పత్రాలుగా పేరు పొందాయి. పోర్చుగీసువారి నుంచి 1658లో డచ్చివారికి, వారి నుంచి 1781లో ఇంగ్లీషువారికి నాగపట్టణం చేతులు మారింది. దానికి 12 కిలోమీటర్ల దూరంలో వేలాంకణ్ణి ఆరోగ్యమాత చర్చి ఉంది. ఏటా ఆగస్టు 29న జెండా ఎగురవేయడంతో మొదలై సెప్టెంబరు 8న ముగిసే ఉత్సవానికి దేశం నలుమూలల నుంచి యాత్రికులు వస్తారు.

ఇంకా దక్షిణాన వేదారణ్యం. 1930 ఏప్రిల్‌లో రాజాజీ తిరుచిరాపల్లి నుంచి పాదయాత్రగా వచ్చి ఉప్పు చట్టాన్ని ఉల్లంఘించినది ఇక్కడే. ఉప్పు మడులు ఇప్పటికీ ఉన్నాయి. వేదారణ్యం దాటాక తీరం మలుపు తిరిగే కొన కోడియక్కరై. 1967లో ఏర్పడిన ఇక్కడి అభయారణ్యంలో కృష్ణజింకలు గుంపులుగా తిరుగుతాయి. చలికాలంలో ఫ్లెమింగోలు, ఇతర వలస పక్షులు వస్తాయి. 2002లో ఇది అంతర్జాతీయ ప్రాధాన్యం గల రామ్‌సార్ చిత్తడి నేలగా గుర్తింపు పొందింది. 2018 నవంబరులో గజ తుపాను ఈ కొనను తీవ్రంగా దెబ్బతీసింది.

యాత్రికులకు సూచనలు

చెన్నై నుంచి తరంగంబాడికి సుమారు 280 కిలోమీటర్లు. తూర్పు తీర రహదారిపై పుదుచ్చేరి, కడలూరు, చిదంబరం మీదుగా చేరవచ్చు. రైలులో వచ్చేవారు సుమారు 30 కిలోమీటర్ల దూరంలోని మైలాడుదురైలో గాని, కారైకాల్‌లో గాని దిగి బస్సు ఎక్కాలి. రెండు తెలుగు రాష్ట్రాల నుంచి వచ్చేవారికి చెన్నై మీదుగా ప్రయాణం సులువు.

జనవరి నుంచి మార్చి మొదటి వారాల వరకు వాతావరణం అనుకూలం. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఈశాన్య రుతుపవనాల వర్షాలు, తుపానుల కాలం. ఆ నెలల్లో బయలుదేరే ముందు వాతావరణ శాఖ హెచ్చరికలు తప్పక వినాలి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు తూర్పు తీరంలో మరపడవల చేపల వేటపై నిషేధం ఉంటుంది. ఆ రోజుల్లో రేవుల్లో సందడి తక్కువ. ఒడ్డున అలల లాగుడు బలంగా ఉంటుంది కనుక లోతుకు వెళ్ళి స్నానం చేయడం క్షేమం కాదు. రాతి కట్టల మీద పాకుడు పడుతుంది. పిల్లలను వాటి మీదికి ఎక్కనివ్వకూడదు.

తరంగంబాడికి ఒక పగలు, ఒక రాత్రి కేటాయిస్తే ఉదయపు వెలుగులో కోటను, గుడిని, తిరిగివచ్చే పడవలను చూడవచ్చు. రెండవ రోజు తిరుక్కడయూరు, పూంపుహార్, మూడవ రోజు కారైకాల్, నాగూరు, నాగపట్టణం, వేలాంకణ్ణి చూసుకోవచ్చు. వేదారణ్యం, కోడియక్కరై కలిపితే మరో రోజు కావాలి.

వారసత్వ కట్టడాలను బాగు చేయడంతో తరంగంబాడికి సందర్శకులు పెరిగారు. వచ్చేవారు కోటను, రాజు వీధిని చూసి వెనుదిరగడం పరిపాటి. కోట గోడకు కొద్ది దూరంలోనే వలలు బాగు చేసుకునేవారు, ఎండు చేపలు ఆరబెట్టే స్త్రీలు కనిపిస్తారు. డేనులు రాకముందు నుంచి ఈ ఒడ్డును నమ్ముకున్నవారు వారు. కోత ముందుకు వచ్చినప్పుడు మొదట నష్టపోయేదీ వారే. ఈ తీరాన్ని కాపాడే ఏ ప్రణాళికలోనైనా కోట, గుడి పక్కన వారి పడవలకు, ఇళ్ళకు చోటు ఎంత అన్నది ముందుగా తేలవలసిన విషయం.